నెలదుడ్లు ఇచ్చి చూడాలనుకుంటే ముందు ఇవ్వని ఇళ్ల సంగతి చూసుకోండి

మా పిన్ని కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. 2023 ఉగాదికి ఆదోని వచ్చినప్పుడు మిద్దె మీద కూర్చుని అడిగాడు: "అక్కా, మేం ఏడుగురు స్నేహితులం. తలా నెలకు 10 వేలు వేసుకుంటాం. ఒక ఊళ్లో పేదోళ్లకు ఏ షరతూ లేకుండా నెలనెలా డబ్బులిచ్చి ఏమవుతుందో చూద్దాం. నువ్వు చూసుకుంటావా?" నేను పదకొండేళ్లు పొదుపు సంఘాల లెక్కలు రాశాను. ఆ తర్వాత ఎవరు సర్వే చేయమంటే వాళ్లకు ఇల్లిల్లూ తిరిగాను. ఇదేం పెద్ద పని అనుకున్నాను. డబ్బులు ఎవరికి చేదు?

ఇవ్వడం తేలికేనని ఏడాది తిరిగాక తెలిసింది. పోల్చి చూడడానికి, డబ్బు ఇవ్వని ఇంటి గడపలో కూర్చుని "నిన్న రాత్రి ఏం వండుకున్నారమ్మా" అని అడగడమే కష్టం. ఆ కష్టం పడకపోతే మీరు చేసింది దానం. దానం చేయండి, పుణ్యమే. కానీ "ఏమవుతుందో చూద్దాం" అన్నారంటే పరీక్ష పెడుతున్నట్టు. మావాడి లాంటి వాళ్లు ఈ మధ్య నలుగురైదుగురు ఫోన్ చేశారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను చేసిన తప్పులు కూడా దాచలేదు, అవే ఎక్కువ పనికొస్తాయి.

ముందు ప్రశ్న రాసి కవర్లో పెట్టండి

బేసిక్ ఇన్‌కమ్ అని ఇలా షరతు లేకుండా నెలనెలా ఇచ్చే డబ్బునే అంటారు, దానికి ఐదు గుర్తులు చెబుతారు. డబ్బుగానే ఇవ్వాలి, బియ్యమో కుట్టుమిషనో కాదు. క్రమం తప్పకుండా ఇవ్వాలి. ఇంటి పెద్దకు కాకుండా మనిషి మనిషికీ ఇవ్వాలి. షరతు పెట్టకూడదు. అందరికీ ఇవ్వాలి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకే ఇస్తే ఆ చివరిది తప్పినట్టే. తప్పితే తప్పింది, మీ దగ్గర ఉన్నదెంతో దానికి తగ్గట్టే కదా చేయగలిగేది. కానీ ఆ మాట ఒప్పుకుని మొదలుపెట్టండి.

మన జిల్లాల వాళ్లకు ప్రభుత్వం డబ్బు కొత్త కాదు. దేశం మొత్తానికీ ఉపాధి హామీ పథకం మొదలైంది ఇక్కడే, 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. అయితే అది తట్ట మోస్తేనే వచ్చే కూలి. పింఛనుకు వయసో వైకల్యమో చూస్తారు, రైతు డబ్బుకు పొలం చూస్తారు. "ఇది ఏదీ చూడకుండా ఇస్తారు" అని కోసిగి వైపు మేం ఎంచుకున్న ఊళ్లో చెబితే ఎవరూ నమ్మలేదు. కనీస ఆదాయం, మూల ఆదాయం లాంటి మాటలు రచ్చకట్ట మీద గాలికి పోయాయి. రెండో నెలకు ఆడవాళ్లే పేరు పెట్టారు, నెలదుడ్లు అని. మీరు కూడా పేరు కోసం తన్నుకోకండి, ఊరు పెట్టుకుంటుంది.

ప్రశ్న మాత్రం మీరే పెట్టుకోవాలి, అదీ మొదటి రూపాయి వేయకముందే. "జీవితాలు బాగుపడతాయా" అనేది ప్రశ్న కాదు. మేం మూడు రాసుకున్నాం. నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు తగ్గుతుందా? సుగ్గికి పోయేటప్పుడు బడి పిల్లలను వెంట తీసుకుపోవడం తగ్గుతుందా? వారంలో ఎన్ని రోజులు కూరలో బ్యాళ్లు (పప్పు) పడుతున్నాయి? సుగ్గి అంటే తెలియని వాళ్లకు: కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పక్క నుంచి ఖరీఫ్ అయిపోగానే ఇళ్లకు ఇళ్లు తాళాలు వేసి గుంటూరు మిరపచేలకు పోవడం.

ఆ మూడు ప్రశ్నలు, ఎంత తేడా వస్తే వచ్చినట్టు లెక్క అన్న మాట, తేదీ, సంతకాలు కాగితం మీద పెట్టి, కవర్లో అంటించి, హైస్కూల్లో లెక్కల సారుకు ఇచ్చాం. పెద్ద పరిశోధకులు ఇదే పని ఇంటర్నెట్‌లో రిజిస్టర్ చేసి చేస్తారు. ఎందుకంటే ఏడాది చివర మన దగ్గర 60 రకాల లెక్కలు ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి బాగా కనబడుతుంది. అదే మేం మొదటి నుంచీ చూడాలనుకున్నాం అని మనల్ని మనం నమ్మించుకుంటాం. కవరు ఉంటే ఆ ఆట సాగదు.

ఎంత, ఎన్నాళ్లు

మధ్యప్రదేశ్‌లో 2011లో 'సేవా' (SEWA) అనే ఆడవాళ్ల సంఘం యునిసెఫ్ డబ్బుతో చేసిన పరీక్షలో పెద్దవాళ్లకు నెలకు 200, పిల్లలకు 100 ఇచ్చారు, తర్వాత 300, 150 చేశారు. ఇన్నేళ్ల తర్వాత ఆ అంకెలు పనికిరావు. మేం ఊళ్లో అప్పు లెక్క నుంచి మొదలుపెట్టాం. ఆ వీధిలో 20 వేలు అప్పు లేని ఇల్లు లేదు. నూటికి మూడు చొప్పున 20 వేలకు నెల వడ్డీ 600. అదే మనిషికి ఇద్దామనుకున్నాం: పెద్దవాళ్లకు 600, పిల్లలకు వాళ్ల అమ్మ చేతికి 300. ఉపాధి కూలి అప్పుడు రోజుకు 300 లోపే ఉండేది, అంటే రెండు రోజుల కూలి. మనిషి పని మానేసేంత కాదు, ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోయేంత చిన్నదీ కాదు.

24 ఇళ్లు, 72 మంది పెద్దలు, 48 మంది పిల్లలు. నెలకు 57,600. మిగిలిన 12,400 సర్వేకు. మావాడు ఆ మిగిలింది కూడా ఇంకో ఐదు ఇళ్లకు ఇచ్చేద్దాం అన్నాడు. మనసు మంచిదే, వద్దన్నాను. కెనడాలో మానిటోబా రాష్ట్రంలో 1974 నుంచి 1979 దాకా ఇలాంటి పెద్ద ప్రయోగం చేశారు. డబ్బులు పంచారు, వివరాలు రాసుకున్నారు, లెక్క చూసే దగ్గరికి వచ్చేసరికి డబ్బు అయిపోయింది. 1,800 పెట్టెల కాగితాలు ఏళ్లకేళ్లు మూలన పడి ఉన్నాయి. చాలా ఏళ్ల తర్వాత ఈవ్‌లిన్ ఫర్గెట్ అనే ఆర్థికవేత్త ఆ ప్రయోగం జోలికి వెళ్లారు. ఆ ప్రయోగం చేసిన చోట్లలో ఒకటైన డాఫిన్ ఊరి జనం ఆసుపత్రిలో చేరడం ఎనిమిదిన్నర శాతం తగ్గిందని ఆరోగ్య బీమా రికార్డుల నుంచి ఆమె తేల్చేదాకా అక్కడ ఏం జరిగిందో పెద్దగా ఎవరికీ తెలియదు. వందలో ఇరవై రూపాయలు లెక్క రాయడానికి, లెక్క చూడడానికి పక్కన పెట్టండి.

ఎన్నాళ్లు అనేది మొదటి రోజే చెప్పాలి, చివరి నెల పేరుతో సహా. ఇది మర్యాద కోసమే కాదు, ఫలితం దాని మీద ఆధారపడుతుంది. కెన్యాలో గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ వాళ్లు 295 ఊళ్లు తీసుకుని కొన్నింటికి పన్నెండేళ్లు నెలనెలా ఇస్తామని మాటిచ్చారు, కొన్నింటికి రెండేళ్లు నెలనెలా, కొన్నింటికి ఒకేసారి మొత్తం ఇచ్చారు. వంద ఊళ్లకు ఏమీ ఇవ్వలేదు. రెండేళ్లే వస్తుందని తెలిసినవాళ్ల కంటే పన్నెండేళ్లు వస్తుందని తెలిసినవాళ్లు వ్యాపారాల వైపు ఎక్కువ కదిలారు. ఒకేసారి మొత్తం అందుకున్నవాళ్లూ అంతే. నెలనెలా వచ్చేదాన్ని అక్కడి జనం చీటీలు కట్టి పెద్ద మొత్తం చేసుకున్నారట. చదివి నవ్వుకున్నాను, మా ఊళ్లో ఆడవాళ్లు మూడో నెలకే అదే పని చేశారు. ఎవరూ చెప్పలేదు.

విదేశాల్లో ఉన్నవాళ్ల డబ్బు గురించి ఒక మాట. భారత పౌరుడిగానే ఉండి అమెరికాలో పనిచేసేవాడు తన జీతంలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే ఒక లెక్క. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే అది విదేశీ విరాళం, సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. ఏడుగురిలో ఒకరు ఇట్లాంటి వాళ్లుంటే ముందే ఆడిటరును అడగండి.

చీటీలు, గోడ

సర్పంచ్‌ను గానీ, నన్ను గానీ "బాగా పేదోళ్ల పేర్లు చెప్పు" అని అడగొద్దు. ఎవరికి వాళ్లు తమ వాళ్లను చెబుతారు, నేనైనా అంతే. రైస్ కార్డు పట్టుకుని ఏరుదామంటే ఊళ్లో దాదాపు అందరికీ ఉంది. మేం వీధి వీధీ తిరిగి సొంత నీటిపొలం లేనివి, నెల జీతం వచ్చే మనిషి లేనివి, 46 ఇళ్లు రాసుకున్నాం. జాబితాను గుడి గోడకు వారం అంటించాం. ఇద్దరు వచ్చి తమ పేరు లేదన్నారు, చూస్తే నిజమే, చేర్చాం. ఆ 46 అనేది ఆ ఇద్దరితో కలిపి.

ఆ తర్వాత ఆదివారం పొద్దున ఆంజనేయస్వామి గుడి కట్ట మీద నోటుబుక్కు చించి 46 చీటీలు రాసి, అందరికీ చూపించి మడిచి, స్టీలు కడవలో వేసి, అంగన్‌వాడీకి పోయే పిల్ల చేత 24 తీయించాం. ప్రతి చీటీని ఊళ్లో చదువుకున్న మనిషి పైకి చదవాలి, మీరు చదవొద్దు. చీటీలు ఎందుకంటే, అదృష్టం తప్ప వేరే ఏ కారణమూ లేకుండా రెండు జట్లు విడిపోవాలి. అప్పుడే ఏడాది తర్వాత కనబడే తేడా నెలదుడ్ల వల్ల వచ్చిందని అనగలం.

ఒక ముసలాయన పేరు వచ్చింది, వద్దన్నాడు. "ఊరికే వచ్చే దుడ్లు ఊరికే పోవు తల్లీ, ఏదో ఒకటి తీసుకొనే పోతాయి" అన్నాడు. బలవంతం చేయలేదు. కానీ ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు: వద్దన్న ఇంటిని పక్కనపెట్టి ఇంకో ఇంటిని లోపలికి తెస్తారు. అట్లా చేయొద్దు. ఆయన తీసుకోకపోయినా చీటీ వచ్చిన జట్టులోనే లెక్కపెట్టాలి. భయపడే ఇళ్లన్నీ అటు, ధైర్యమున్న ఇళ్లన్నీ ఇటు చేరితే చీటీలు తీసిందే దండగ. (నాలుగు నెలల తర్వాత ఆయన కోడలు వచ్చి, మామ ఒప్పుకున్నాడు అని చెప్పింది. సరే అని అప్పటి నుంచి వేశాం.)

ఇప్పుడు నా పెద్ద తప్పు. ఒకే వీధిలో ఇళ్లను రెండు జట్లు చేశాను. అన్నదమ్ముల ఇళ్లు రెండు, మధ్యలో ఒకటే గోడ. అన్న ఇంటికి చీటీ వచ్చింది, తమ్ముడి ఇంటికి రాలేదు. మొదటి నెల డబ్బు పడిన సాయంత్రం నేను ఆ వీధిలో పోతుంటే తమ్ముడి పెండ్లాం గడపలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు. "మా తోడికోడలికి వచ్చె. ఒకే గోడ కదక్కా, ఆ గోడ ఎవరిది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంకో సంగతి తర్వాత బయటపడింది. పెద్దామె ప్రతి నెలా ఈమెకు 200 చేబదులు ఇస్తోంది, తిరిగి అడగడం లేదు. మనుషులుగా చూస్తే చాలా మంచి పని. పరీక్షగా చూస్తే ఇవ్వని ఇంటికి కూడా కొంత ఇచ్చినట్టే అయింది, తేడా చెరిగిపోయింది.

అందుకే మధ్యప్రదేశ్‌లో ఊరు మొత్తానికి ఇచ్చారు. ఎనిమిది ఊళ్లలో అందరికీ, పోల్చడానికి వేరే పన్నెండు ఊళ్లు. మీకు చేతనైతే ఊరికి ఊరే చీటీ వేయండి. అప్పుడు మీ లెక్కలో ఊళ్ల సంఖ్యే ముఖ్యం, ఇళ్లది కాదు. ఒక ఊరికిచ్చి ఇంకో ఊరితో పోలిస్తే మీ దగ్గర ఉన్నవి రెండే రెండు. ఒక ఊళ్లో బోరు పడి ఇంకో ఊళ్లో పడకపోతే అంతా తారుమారు.

ఎన్ని కావాలి అని అడుగుతారు. కూలి ఇళ్ల రాబడి నెలనెలకూ ఊగుతుంది. ఒకింటి కొడుకు సుగ్గిలో గట్టిగా సంపాదించుకొస్తే పది ఇళ్ల సగటు అటు ఒరిగిపోతుంది. ఊపు ఎంత పెద్దదైతే అన్ని ఎక్కువ ఇళ్లు కావాలి. ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: మీరు పట్టుకోవాలనుకున్న తేడా సగం చేస్తే, కావాల్సిన ఇళ్లు నాలుగింతలు అవుతాయి. మా 46 ఇళ్లతో ఏదీ తేలదని నాకు మొదటే తెలుసు, మావాడికి చెప్పాను కూడా. అది పెద్ద పరీక్షకు ముందు చేసుకునే రిహార్సల్. ఫారం ఎక్కడ తప్పుతుంది, డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుంది, ఎవరు అలుగుతారు, ఇవి తెలుసుకోవడానికి అన్ని ఇళ్లు చాలు.

ముందు ఒక్క రూపాయి వేయండి

జాబితా అయిపోగానే అందరి ఖాతాలకూ ఒక్కో రూపాయి వేశాం. నేను చేసినవాటిలో తెలివైన పని ఇదొక్కటే. 72 ఖాతాల్లో 11కి రూపాయి చేరలేదు. పేరు ఆధార్‌లో ఒకటి, పాస్‌బుక్‌లో ఒకటి. రెండేళ్లు ముట్టుకోకపోవడంతో ఆగిపోయిన ఖాతాలు. బ్యాంకులు కలిసిపోయినప్పుడు మారిన ఐఎఫ్‌ఎస్‌సీ. సరిచేయగలిగినవి సరిచేయడానికే నెల పట్టింది, ఆరు మాత్రం కుదరలేదు. ఆ నెల ముందే పెట్టుకోండి.

రూపాయి చేరినంత మాత్రాన 600 చేరుతుందని కాదు. ఒకాయన మొదటి నెల డబ్బును బ్యాంకు పాత పంటరుణం బాకీ కింద జమ చేసుకుంది. ఆయన అడిగితే, ఖాతాలో పడింది కదా, మీ బాకీయే తగ్గింది కదా అన్నారట. అప్పు ముడిపడి లేని, కనీస నిల్వ అక్కర్లేని జన్‌ధన్ ఖాతా చూసుకోండి, వీలైతే పోస్టాఫీసుది. ఎవరి డబ్బు వాళ్ల ఖాతాలో పడాలి. ఆడవాళ్లది మగవాళ్ల ఖాతాలో వేస్తే మీరు పరీక్షించేది వేరే ఇంకేదో అవుతుంది.

పత్తి తీసి తీసి, తట్టలు మోసి అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర మిషను పలకదు. కిరాణాకొట్టులో మిషను పెట్టుకున్న అబ్బాయి 600 తీసిచ్చి 20 పట్టుకునేవాడు. అదీ లెక్కలో రాశాం, నెలదుడ్లు 580 అని. తేదీ కూడా ఆలోచించి పెట్టండి. ఒకటో తేదీ పింఛను రోజు, కలిసిపోతుందని మేం ఐదో తేదీ పెట్టాం. ఆరో తేదీ మైక్రోఫైనాన్స్ కంతు వసూలుకు మోటార్ సైకిల్ వస్తుందని ఎవరూ చెప్పలేదు. మొదటి రెండు నెలలు మా డబ్బు ఒక్క రాత్రి మాత్రమే ఊళ్లో పడుకుంది.

రైస్ కార్డు పోతుందేమో అన్న భయం ప్రతి ఇంట్లో ఉంటుంది. పథకాలకు ఆదాయ పరిమితి పల్లెల్లో నెలకు 10 వేలు, పట్నాల్లో 12 వేలు అని అందరికీ నోటికొచ్చు. మీరిచ్చేది దాన్ని దాటించేంత కాకుండా చూసుకుని, ఆ మాట ముందే చెప్పండి.

అడగడం

"నెలదుడ్లు వచ్చినాక మీకు బాగుందా?" అని ఎప్పుడూ అడగొద్దు. డబ్బిచ్చిన మనిషి ముఖం మీద బాగాలేదని ఎవరంటారు? డబ్బు వేసే మనిషి, ప్రశ్నలు అడిగే మనిషి వేరుగా ఉండాలి. మా దగ్గర రెండూ నేనే. మూడోసారికి నాకు తోడుగా పక్క మండలం అమ్మాయిని పెట్టుకున్నాం. మొదటి రెండుసార్లు "అంతా బాగుందక్కా" అన్న ఒకామె ఆ అమ్మాయికి, మొగుడు తన 600 లాగేసుకుంటున్నాడని చెప్పింది.

నెల ఆదాయం ఎంత అని అడిగితే వచ్చే అంకె దేనికీ కొరగాదు. "నిన్న రాత్రి పొయ్యి మీద ఏముండె?" అని అడగండి. "మొన్న శనివారం ఎవరి చేలోకి పోతిరి, ఎంతిచ్చిరి?" అని అడగండి. అప్పుకు వచ్చేసరికి ఎవరి దగ్గర, ఏ పనికి, నూటికి ఎంత, మూడూ అడగండి. తాగుడు గురించి అడగమని ఫోన్ చేసిన ప్రతివాడూ అంటాడు. అడిగితే ఎవరూ నిజం చెప్పరు. మధ్యప్రదేశ్‌లో డబ్బు వచ్చిన ఊళ్లలో తాగుడు ఖర్చు పెరిగినట్టు కనబడలేదు, తిండి, మందులు, బడి, మేకలకు పోయింది. మీకు అనుమానముంటే అందరి ముందూ అడగొద్దు, ఇంటావిడను నీళ్లబిందెల దగ్గర ఒంటరిగా అడగండి.

పని మానేస్తారా అన్నది కూడా అడగాల్సిందే, జవాబు అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికాలో ఓపెన్‌రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ వాళ్లు మూడేళ్లు నెలకు వెయ్యి డాలర్లు ఇస్తే జనం వారానికి గంటా పావు పైన పని తగ్గించారు. మధ్యప్రదేశ్‌లో చాలామంది పరాయి చేలో కూలి తగ్గించి తమ చేలో పని పెంచారు. కాబట్టి "ఎన్ని రోజులు పనికి పోతిరి" ఒక్కటే చాలదు, ఎవరి పనికి అని కూడా రాయాలి.

ఆ ఓపెన్‌రీసెర్చ్ పరీక్షలో మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. వెయ్యి మందికి వెయ్యి డాలర్లు ఇచ్చారు, పోల్చడానికి ఇంకో రెండు వేల మందిని పెట్టుకుని వాళ్లకూ నెలకు 50 డాలర్లు ఇచ్చారు. ఏమీ ఇవ్వకపోతే వాళ్లు జవాబులు చెప్పరు. ఫిన్లాండ్‌లో 2017, 18లో 2 వేల మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఇచ్చారు. చివర్లో ఫోన్ చేసి అడిగితే డబ్బు అందుకున్నవాళ్లలో నూటికి 31 మంది పలికారు, అందనివాళ్లలో 20 మందే. ప్రభుత్వం అడిగితేనే అంత. మేం 46 ఇళ్లకూ సర్వేకు 150 ఇచ్చాం, సగం రోజు కూలి పోతుంది కదా అని. రెండు జట్లకూ సమానంగా ఇవ్వాలి. గోడ అవతల ఆమె మొదటిసారి ఆ 150 తీసుకోలేదు. రెండోసారి తీసుకుంది, జవాబులు మాత్రం "ఏమో", "కడ్తాండాము", "నీకు తెల్దా".

నాలుగు సర్వేలు: ఆగస్టు, డిసెంబరు, మార్చి, మళ్లీ ఆగస్టు. మొదటిదీ చివరిదీ ఒకే నెలలో ఉండాలి. ఎండాకాలం ఆకలిని వానాకాలం ఆకలితో పోల్చకూడదు. మార్చికి పోయేసరికి 46 ఇళ్లలో 17 తాళాలు. ముందే కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ఫోన్ నంబరు రాసుకున్నాను కాబట్టి దొరికారు. ఆదోని నుంచి రాత్రి బస్సు ఎక్కి గుంటూరు దాటి మిరపచేల దగ్గరికి పోయాను. టార్పాలిన్ గుడిసెలు, పక్కన ఎర్రగా ఆరబోసిన కాయలు. ఫారం తీస్తే తుమ్ములు, కళ్లలో నీళ్లు. నన్ను చూసి అందరూ నవ్వారు. "ఏడుస్తా అడుగుతాండాదప్పా ఈ యక్క" అని ఒక పిల్లోడు. వాడు ఐదో తరగతి, బళ్లో ఉండాల్సినవాడు. చీటీ వచ్చిన ఇంటి పిల్లోడే. రెండో ప్రశ్నకు మొదటి జవాబు అక్కడే రాసుకున్నాను. ఎందుకు తెచ్చావమ్మా అంటే వాళ్లమ్మ, "నీ 300తో వాన్ని ఎవురు చూసుకుంటారు? అవ్వ కన్ను కనపడదు" అంది. ఫారంలో దానికి గడి లేదు. మీ ఫారంలో "ఇంకేమైనా" అని పెద్ద ఖాళీ వదలండి.

పాడైన ఏడాది

1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశం మొత్తం మీద అన్నిటికంటే తక్కువ వాన పడిన ఆగస్టు 2023ది. మేం మొదటి సర్వే చేసింది ఆ నెలలోనే. పత్తి ఎండింది, ప్రభుత్వం కరువు మండలాలు ప్రకటించింది. ఏడాది తర్వాత చూస్తే నెలదుడ్లు అందుకున్న ఇళ్లలో అప్పు పెరిగింది. మావాడు ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు. "అక్కా, మనం డబ్బులిస్తే అప్పులు పెరిగినాయా?" అన్నాడు. ఇవ్వని ఇళ్ల ఫారాలు తీసి చదివాను. అక్కడ ఇంకా ఎక్కువ పెరిగింది. ఆ 22 ఇళ్లే లేకపోతే మేం మా డబ్బు జనాన్ని ముంచిందని రాసుకునేవాళ్లం. వాన బాగా పడి ఉంటే, మా డబ్బే ఊరిని ఎత్తిందని గొప్పలు చెప్పుకునేవాళ్లం. రెండూ అబద్ధాలే.

అదే ఏడాది ఎన్నికలు. 2024 మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగు. ఏప్రిల్ ఐదున డబ్బు పడగానే ఇది ఏ పార్టీ డబ్బు అని రచ్చకట్ట మీద మాట పుట్టింది. ఖాతాలు సరికాని ఆరుగురికి అప్పటిదాకా నగదు చేతికిస్తున్నాను. కోడ్ ఉన్నప్పుడు 50 వేలకు పైన నగదు కాగితాలు లేకుండా తీసుకుపోతే పట్టుకుంటారు, నా దగ్గర ఉండేది అందులో పావు వంతు కూడా లేదు, అయినా కవర్లలో పేర్లు రాసి పంచుతూ కనబడితే ఎవరు వింటారు? టెన్షన్ పడలేక, ఒప్పంద కాగితం జిరాక్సు తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి, ఆ రెండు నెలలు నగదు ఆపి, జూన్‌లో కలిపి ఇచ్చాను. ఎన్నికల ఏడాదిలో మొదలుపెట్టకండి.

జూలై ఒకటిన పింఛను ఒక్కసారే 7 వేలు వచ్చింది, పెంచిన 4 వేలు, మూడు నెలల తేడా 3 వేలు. ఆగస్టు చివరి సర్వేలో ముసలివాళ్లున్న ప్రతి ఇంట్లో కూరలో బ్యాళ్లు కనబడ్డాయి, చీటీ వచ్చినా రాకపోయినా. మా మూడో ప్రశ్న దాంతో పోయింది. ఏ నెల ఏ ప్రభుత్వ డబ్బు పడిందో గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి, లేకపోతే తర్వాత గుర్తుండదు.

ఆపే నెల

ఆఖరి మూడు నెలలు ప్రతిసారీ చెప్పాం, ఆగస్టు ఐదుతో అయిపోతుందని. అయినా సెప్టెంబరు ఆరున నాకు తొమ్మిది ఫోన్లు వచ్చాయి. ఆపేశాక ఆరు నెలలకు ఇంకోసారి సర్వేకు పోవాలి, దానికి డబ్బు ముందే ఉంచండి. కవరు లెక్కల సారు ముందే తెరిచాం. మూడింటిలో ఒక్కదానికి మాత్రం, వడ్డీ అప్పుకు, రెండు జట్ల మధ్య తేడా కనబడింది, అదీ గట్టిగా చెప్పలేనంత చిన్నది. సారు ఎర్రపెన్నుతో పక్కన "శాంపిల్ చాలదు" అని రాశారు. అదీ ఫైల్లో ఉంది.

చివరి సర్వేకు గోడ అవతల ఆమె ఇంటికి చివరన పోయాను. ఈసారి పీట వేసింది. నేను ఫారం తీయకముందే లోపలికి పోయి, కొడుకు బడి పుస్తకం వెనక పేజీలు తెచ్చి నా ముందు పెట్టింది. డిసెంబరు నుంచి రాసింది, కొడుకు చేత రాయించింది. ఎవరికి ఎంత, ఏ తేదీ, నూటికి ఎంత. అంతకు ముందు నెలలవి గుర్తుచేసుకుని పైన చేర్చింది. "వచ్చినప్పుడల్లా అదే అడుగుతుంటివి కదక్కా, వడ్డీ ఎంత కట్టినావు, వడ్డీ ఎంత కట్టినావని. తెల్దని చెప్పేకి సిగ్గాయె." పేజీ అడుగున కొడుకు గుండ్రటి అంకెల్లో కూడిక ఉంది: 12 నెలలు, 600 చొప్పున, 7,200. దాని కింద ఇంకో గీత, అసలు 20,000 అని.

ఇవ్వని ఇంటిని ఊరికే అడగడం వల్ల కూడా ఆ ఇల్లు మారుతుందని, దానికి కూడా ఫారంలో గడి ఉండాలని నాకు అప్పుడు తట్టింది. మార్జిన్‌లో రాశాను: "పుస్తకం రాస్తోంది, డిసెంబరు నుంచి." ఆమె నా భుజం మీది నుంచి వంగి చూసి, "ఏం రాసినావు? చదువు" అంది. చదివాను.